వెల్లుల్లి ముందురోజే కాల్చండి, బ్రెడ్ మీద మాత్రం చివర్లో రాయండి

ప్రశ్న: మేడమ్, వచ్చే ఆదివారం రాత్రి మా వారి ఆఫీసు వాళ్లు కుటుంబాలతో సహా 12 మంది భోజనానికి వస్తున్నారు. ఎప్పుడూ మిరపకాయ బజ్జీలో, ఉల్లి పకోడీలో వేస్తాను. వాళ్లంతా హాల్లో కబుర్లు చెప్పుకుంటుంటే నేను వాయి తర్వాత వాయి దించుతూ పొయ్యి దగ్గరే ఉండిపోతాను. ఈసారి బెంగళూరులో మా అమ్మాయి ఇంట్లో తిన్నలాంటివి, కాల్చిన వెల్లుల్లి రాసిన చిన్న బ్రెడ్ ముక్కలు పెడదామని ఒకసారి చేసి చూశాను. తరిగిన వెల్లుల్లి నూనెలో వేయిస్తే చేదెక్కింది, బ్రెడ్ ఏమో మెత్తబడిపోయింది. నా దగ్గర ఓవెన్ లేదు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ఓవెన్ లేకపోయినా ఇవి చక్కగా వస్తాయి, పైగా పని ముప్పాతిక వంతు శనివారమే అయిపోతుంది. మీరు తిన్నవాటిని ఇటలీలో క్రొస్తీని అంటారు. పల్చగా, చిన్నగా కోసి కాల్చిన బ్రెడ్ ముక్కలన్నమాట. ఇంకాస్త మందంగా కోసి నిప్పుల మీద కాల్చి, పచ్చి వెల్లుల్లి రెబ్బ రుద్ది, ఆలివ్ నూనె పోస్తే అది బ్రుస్కెట్టా. మన హోటళ్లలో చాలామంది బ్రషెట్టా అంటారు గానీ ఇటలీ వాళ్లు పలికేది బ్రుస్కెట్టా అనే. మీకు కావాల్సింది మొదటి రకం.

ముందు వెల్లుల్లి సంగతి. తరిగిన వెల్లుల్లి ముక్కలు మరీ చిన్నవి, వేడి నూనెలో పడ్డాక నిమిషంలో మాడతాయి, చేదు వస్తుంది. అదే తొక్క తీయకుండా రెబ్బ మొత్తంగా సన్నని మంట మీద కాలిస్తే కథ వేరు. వెల్లుల్లి ఘాటు రెబ్బలో ముందే తయారై ఉండదు, కోసినప్పుడో నలిపినప్పుడో లోపలి ఎంజైమ్ ఒకటి పనిచేసి అప్పటికప్పుడు పుట్టిస్తుంది. కోయకుండా వేడి చేస్తే ఆ ఎంజైమ్ పనిచేయకుండా పోతుంది, ఇక నలిపినా ఘాటెక్కదు, లోపలున్న తీపి బయటపడుతుంది. పచ్చి వెల్లుల్లి వాసనకి దూరం జరిగే పిల్లలు కూడా దీన్ని ఇష్టంగా తినడం నేను చూశాను.

12 మందికి, తర్వాత భోజనం ఉంది కాబట్టి, మనిషికి 3 చొప్పున 36 ముక్కలు చాలు. మధ్య రకం గడ్డలు 5 లేదా 6 తీసుకోండి. రెబ్బలు విడదీయండి, తొక్క అలాగే ఉంచండి. మందపాటి ఇనుప పెనం మీద, నూనె లేకుండా, ఒకదాని పక్కన ఒకటి పరిచి బాగా సన్నని మంట పెట్టండి. మెక్సికోలో సల్సా కోసం వెల్లుల్లిని ఇలాగే తొక్కతో పెనం మీద కాలుస్తారు. రెండు మూడు నిమిషాలకోసారి కదుపుతూ ఉండాలి, మొత్తం 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మన దేశవాళీ వెల్లుల్లిలో రెబ్బలు సన్నగా ఉంటాయి, అవి 12 నిమిషాలకే అయిపోవచ్చు కాబట్టి ముందు వాటిని ఏరి తీసేయండి. తొక్క మీద నల్లమచ్చలు వచ్చినా భయపడొద్దు. వేలితో నొక్కితే పండిన సపోటాలా లొంగాలి, అదే గుర్తు. కాస్త చల్లారాక రెబ్బ మొదలు దగ్గర చాకుతో కోసి, కొస వైపు నుంచి పిండితే లోపలిది వెన్నలా, లేత తేనె రంగులో జారి వస్తుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే పిండాలి, పూర్తిగా చల్లారితే తొక్కకి అతుక్కుపోతుంది.

ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉన్నవాళ్లయితే గడ్డ పైభాగం కొద్దిగా కోసి, చెంచా నూనె పోసి, ఫాయిల్‌లో చుట్టి 200 డిగ్రీల్లో 30 నుంచి 40 నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

ఈ గుజ్జుని చెంచాతో మెదిపి, 100 గ్రాముల మెత్తటి వెన్న, చిటికెడు ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి కలపండి. ముక్కకి ఒక టీస్పూన్ చొప్పున 36 ముక్కలకి వస్తుంది. వెన్న ఎక్కువ అనుకుంటే అర కిలో పెరుగు పల్చటి గుడ్డలో రాత్రంతా ఫ్రిజ్‌లో వడకట్టి ఆ గట్టి పెరుగుతో కలపండి. నాకైతే మన ఎండలకి పెరుగుతో చేసిందే నచ్చుతుంది. ఆదివారం దాకా ఫ్రిజ్‌లో ఉంచండి.

ఇక బ్రెడ్. బేకరీలో ఫ్రెంచ్ లోఫ్ అని అడగండి. అడుగు పొడవున్న లోఫ్‌ని అర అంగుళం మందాన కోస్తే 24 ముక్కలు వస్తాయి, అంటే మీకు ఒకటిన్నర కావాలి. ముందురోజు లోఫ్ అయితే ఇంకా మంచిది, తేమ తగ్గి నీట్‌గా తెగుతుంది. అది దొరక్కపోతే మామూలు శాండ్‌విచ్ బ్రెడ్ అంచులు తీసి నాలుగు ముక్కలు చేయండి. అందులో చక్కెర ఉంటుంది, త్వరగా ఎర్రబడుతుంది కాబట్టి మంట ఇంకా తగ్గించాలి.

ముక్కలకి రెండు వైపులా పల్చగా నూనె రాయండి. ఆలివ్ నూనె ఉంటే సరే, లేకపోతే వేరుశనగ నూనెతో కూడా బాగుంటాయి. సన్నని మంట మీద ఒక్కో వైపు 4 నిమిషాలు కాల్చండి. రంగు వస్తే చాలదు, లోపలి తేమ పోవాలి. ముక్కని ప్లేటు అంచుకి తగిలిస్తే టక్ మని చప్పుడు రావాలి. మీ బ్రెడ్ మెత్తబడడానికి కారణం చాలావరకు ఇక్కడే ఉంటుంది: పెద్ద మంట మీద పైపైన ఎర్రబడి లోపల తడి ఉండిపోతుంది, కాసేపటికి ఆ తడి పైకి వస్తుంది. కాల్చినవి వేడి మీద ఒకదానిపై ఒకటి పేర్చకండి, చిల్లుల ప్లేటు మీద విడివిడిగా ఆరనివ్వండి. బాగా చల్లారాక జంతికల డబ్బాలో పెట్టి మూత బిగిస్తే రెండు రోజులైనా కరకరలాడతాయి.

మొదట్లో ఒకసారి నేను గంట ముందే అన్నీ రాసి, టమాటా కూడా పెట్టి, ట్రేలో అందంగా సర్దేశాను. చుట్టాలు వచ్చి చేతిలోకి తీసుకునేసరికి ముక్క మధ్యకి వంగి టమాటా అంతా వాళ్ల బట్టల మీద పడింది. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది. అందుకే చెబుతున్నాను, వాళ్లు వచ్చి మంచినీళ్లు తాగాక మొదలుపెట్టండి, 36 ముక్కలకి రాయడానికి పది నిమిషాలు పట్టదు. పిల్లలుంటే వాళ్లకే ఆ పని ఇవ్వండి, ఎంత శ్రద్ధగా చేస్తారో.

పైన టమాటా పెట్టాలనుకుంటే గింజలు, రసం తీసేసి సన్నగా తరిగి, ఉప్పు కలిపి జల్లెడలో పావుగంట వదిలేయండి. ఇటలీ వాళ్లు వేసే బేసిల్ ఆకు ఎక్కడ దొరుకుతుందని వెతక్కండి. మనం సబ్జా గింజలు తీసే రుద్రజడ మొక్క ఆ జాతిదే. పెరట్లో ఉంటే నాలుగు లేత ఆకులు తుంచి వేయండి, లేకపోతే కొత్తిమీర.

ప్రశ్న: నేను కాల్చిన ఎల్లిగడ్డని సీసాలో వేసి నిండా నూనె పోసి గట్టు మీద పెట్టుకుంటున్నాను, ఎప్పుడంటే అప్పుడు బ్రెడ్ మీద రాసుకోవచ్చని. ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే అని మా చెల్లి గొడవ. ఆవకాయలో ఎల్లిగడ్డలు ఏడాది ఉంటాయి కదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ చెల్లెలు చెప్పింది అక్షరాలా నిజం. దయచేసి ఆ సీసా ఈ రోజే పారేయండి, రుచి చూసి నిర్ణయిద్దామని కూడా అనుకోవద్దు. ఆవకాయని కాపాడేది నూనె ఒక్కటే కాదు, మామిడికాయ పులుపు, అంత ఉప్పు కలిసి కాపాడతాయి. మీ సీసాలో పులుపూ లేదు, ఉప్పూ లేదు. మట్టిలో ఉండే బొట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు వెల్లుల్లి మీద ఉండవచ్చు, మామూలు వంట వేడికి అవి చావవు. పైన నూనె గాలి తగలనివ్వదు, గాలి లేని చోటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి. వాసనలోగానీ రుచిలోగానీ తేడా తెలియకపోవచ్చు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో, ఫ్రిజ్‌లో పెట్టని నూనె వెల్లుల్లి వల్ల 36 మంది జబ్బుపడ్డారు. కాల్చిన వెల్లుల్లి ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే గుజ్జుని ఐస్ ట్రేలో చెంచా చెంచా వేసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి.

ప్రశ్న: కార్తీక మాసంలో మా అత్తగారు, ఆడపడుచు వెల్లుల్లి, ఉల్లి ముట్టరు. వాళ్లకి వేరే వంటకం చేయాలా, ఇవే ఏదోలా పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఇవే పెట్టండి, వాళ్లని విడిగా కూర్చోబెట్టినట్టు ఉండదు. వడకట్టిన పెరుగులో మిరియాలు, వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర కలిపి రాయండి. నిప్పుల మీద కాల్చిన వంకాయ గుజ్జులో ఉప్పు, నిమ్మరసం, పచ్చిమిర్చి వేసి రాసినా చాలా బాగుంటుంది. వాళ్ల ముక్కలు మొదట కాల్చండి, పెనం మీదకి వెల్లుల్లి రాకముందే. చెంచా, చాకు, డబ్బా కూడా వేరుగా ఉంచి, ఆ ప్లేటు మీరే స్వయంగా వాళ్ల చేతికి ఇవ్వండి. కొనేటప్పుడు గార్లిక్ లోఫ్ కాదు, మామూలు లోఫ్ అని బేకరీలో గట్టిగా చెప్పండి, రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి.