8000 బైట్లు దాటిన మెథడ్

ప్రశ్న: మా జావా ప్రోగ్రాంలో ఫైళ్లు చదివే మెథడ్ ఒకటి పెద్ద స్విచ్‌తో ఉంది. మొన్న నాలుగు కేసులు కలిపామంతే, ఎన్నో రెట్లు నెమ్మదించింది. పాత కేసులు కూడా నెమ్మదే. ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు ఆ మెథడ్ బైట్‌కోడ్ (జావా కోడ్‌ను కంపైల్ చేస్తే వచ్చే ఆదేశాలు) పొడవు చూడండి. క్లాస్ ఫైల్లో ప్రతి మెథడ్ కోడ్‌తోపాటు దాని పొడవు కూడా రాసి ఉంటుంది. అది 8000 బైట్లు దాటితే, మామూలు సెట్టింగుల్లో హాట్‌స్పాట్ అనే జావా వర్చువల్ మెషీన్‌లోని జిట్ కంపైలర్ (ప్రోగ్రాం నడుస్తుండగానే బైట్‌కోడ్‌ను మెషీన్ కోడ్‌గా మార్చే భాగం) ఆ మెథడ్‌ను ముట్టుకోదు. లక్షసార్లు పిలిచినా, ఒక్కో ఆదేశాన్నే చదువుతూ నెమ్మదిగా నడిపే ఇంటర్‌ప్రెటర్‌లోనే నడుస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. అందుకే ఇది అంత తేలిగ్గా దొరకదు.

బైట్‌కోడ్‌ను చూపించే జావాప్‌ను మైనస్ సీతో నడపండి. ప్రైవేట్ మెథడ్ అయితే మైనస్ పీ కూడా ఇవ్వాలి. చివరి ఇన్‌స్ట్రక్షన్‌కు ఎడమ పక్కన ఉన్న అంకె చూడండి. అక్కడ ‘8012: రిటర్న్’ అని ఉంటే పొడవు 8013 బైట్లు. అంటే 13 బైట్లు ఎక్కువై మొత్తం వేగం పోయిందన్నమాట. జిట్ కంపైల్ చేసిన మెథడ్‌ల పేర్లు చూపే ప్రింట్‌కంపైలేషన్ ఆప్షన్‌తో నడిపినప్పుడు ఆ మెథడ్ పేరే కనబడకపోతే అనుమానం బలపడినట్టే.

ఈ పరిమితిని ఎత్తేసే ఆప్షన్ ఉంది కానీ నేను దాని జోలికి వెళ్లమనను. అంత పెద్ద మెథడ్‌ను కంపైల్ చేయడానికి సమయం, మెమరీ రెండూ బాగా ఖర్చవుతాయి. అరుదుగా వచ్చే కేసుల్ని, ఎక్సెప్షన్ సందేశాలు తయారుచేసే వరసల్ని వేరే మెథడ్‌లలోకి తీసేయండి. తరచూ నడిచే దారి చిన్నదిగా మిగలాలి.

విడగొట్టేటప్పుడు ఇంకో రెండు అంకెలు దగ్గర పెట్టుకోండి. తరచూ పిలిచే చోట 325 బైట్ల వరకు, మిగతా చోట్ల 35 బైట్ల వరకు మెథడ్‌ను జిట్ ఇన్‌లైన్ చేసే (పిలిచే చోటే దాని కోడ్‌ను చేర్చే) అవకాశం ఉంటుంది. కామెంట్లు ఈ లెక్కలోకి రావు. అసర్ట్‌లు (కోడ్‌లో రాసుకునే తనిఖీలు) మాత్రం, ఆపి ఉంచినా, వస్తాయి! చిన్న మెథడ్‌లో ఒక్క అసర్ట్ చాలు, 35 దాటించడానికి.

ప్రశ్న: ఫీల్డ్‌కు ఫైనల్ అని పెడితే జిట్ దాన్ని స్థిరాంకంగా తీసుకుంటుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: స్టాటిక్ ఫైనల్ అయితే, క్లాస్ ఇనిషియలైజ్ అయ్యాక తీసుకుంటుంది. మామూలు ఆబ్జెక్ట్‌లోని ఫైనల్ ఫీల్డ్‌ను రిఫ్లెక్షన్‌తో (నడుస్తుండగా క్లాస్ లోపలి భాగాల్ని తాకే పద్ధతితో) మార్చే వీలుంది కాబట్టి సాధారణంగా ఆ గుర్తును నమ్మదు. రికార్డ్‌లకు (డేటాను మోయడానికే ఉన్న ప్రత్యేక రకం క్లాస్‌లకు) ఆ వీలు లేదు, అందుకే వాటి ఫీల్డ్‌లను నమ్ముతుంది. అయితే ఆ రికార్డ్‌ను కూడా స్టాటిక్ ఫైనల్‌లో ఉంచాలి. లేకపోతే అది ఏ ఆబ్జెక్టో కంపైల్ చేసే వేళకు జిట్‌కు తెలియదు.