డోసు పెంచినా తెల్లదోమ చావట్లేదు, ఎందుకు?

ప్రశ్న: పర్వతగిరి దగ్గర నాకు మూడెకరాల పత్తి ఉంది సార్. పోయినేడు తెల్లదోమకు ఇమిడాక్లోప్రిడ్ కొడితే రెండ్రోజుల్లో తగ్గింది. ఈ ఏడు అదే మందు డబుల్ డోసు కొట్టినా ఆకు కదిపితే చాలు తెల్లగా లేస్తున్నాయి. షాపులో అడిగితే ఎసిటామిప్రిడ్ ఇచ్చి, ఇంకో మందు కూడా కలిపి కొట్టమంటున్నారు. పురుగు మందుకు అలవాటు పడిందా, లేక మందే కల్తీదా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పత్తి రైతు, వరంగల్ జిల్లా

జవాబు: ముందు డోసు పెంచడం ఆపండి. కల్తీ అనుమానాన్ని కొట్టిపారేయలేం, బిల్లు జాగ్రత్తగా దాచుకోండి. కానీ మీరు రాసింది చూస్తే మందును దోమే తన ఒంట్లో విరిచేసి పనికిరాకుండా చేస్తున్నట్టుంది.

అలవాటు పడింది అని మనందరం అంటాం గానీ, ఒక్కో దోమ మందు తాగి తాగి గట్టిపడటం కాదిది. లక్షల దోమల్లో కొన్నింటికి పుట్టుకతోనే మందును విరిచే ఎంజైములు ఎక్కువ ఉంటాయి. మీరు కొట్టినప్పుడు మిగతావి చచ్చి అవి మిగిలాయి, ఇప్పుడు ఆకుల కింద ఉన్నది వాటి సంతానం. వేడి రోజుల్లో గుడ్డు దోమ కావడానికి మూడు వారాలు చాలు కాబట్టి ఒక్క పంటలోనే ఎన్ని తరాలు మారతాయో చూడండి. డోసు పెంచితే వాటిలోనూ బాగా గట్టివే మిగులుతాయి, పైగా దోమను తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు ముందు పోతాయి.

అసలు ఈ ఎంజైములు మన మందుల కోసం పుట్టినవి కావు. ఒక పత్తి ఆకు తెంపి ఎండకు పట్టి చూడండి, నల్లటి చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి గాసిపోల్ అనే విషం నిండిన గ్రంథులు, పురుగు తినకుండా మొక్క పెట్టుకున్న కాపలా. అయినా శనగపచ్చ పురుగు ఆ ఆకు తినే బతుకుతుంది, ఎందుకంటే దాని పేగులోనూ, మన కాలేయం చేసే పని చేసే కొవ్వు కణజాలంలోనూ సైటోక్రోమ్ పి450 అనే ఎంజైములు ఆ విషాన్ని మార్చేస్తాయి. ఎస్టరేజ్‌లు, గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్‌లు కూడా ఇలాంటి పనే చేస్తాయి. 1987లో కోస్తా జిల్లాల పత్తిలో పైరిత్రాయిడ్లు అనే గ్రూపు పురుగుమందులు ఎన్నిసార్లు కొట్టినా ఈ పురుగు లొంగలేదు, అందులో ఈ ఎంజైముల పాత్ర కూడా ఉంది.

తెల్లదోమలో ఇమిడాక్లోప్రిడ్‌ను విరిచే పి450 ఏదో శాస్త్రవేత్తలు పట్టుకున్నారు, దాని పేరు సీవైపీ6సీఎం1. అది వేరే గ్రూపుకు చెందిన పైమెట్రోజిన్ అనే మందును కూడా విరుస్తుంది, అంటే మీరు ఎన్నడూ కొట్టని మందు కూడా పని చేయకపోవచ్చు.

ఎసిటామిప్రిడ్, థయామిథోక్సామ్, ఇమిడాక్లోప్రిడ్ మూడూ ఒకే గ్రూపు, డబ్బా మీద కంపెనీ పేరు మారినంత మాత్రాన ఏమీ మారదు, టెక్నికల్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు చదవండి. ఇంకోటి చాలామంది గమనించరు: బీటీ పత్తి విత్తనానికి రంగు పూత ఉంటుంది కదా, అందులో చాలావరకు ఇమిడాక్లోప్రిడే ఉంటుంది. అంటే మీరు పంపు భుజాన వేసుకోకముందే ఆ మందు చేనులోకి వచ్చేసింది, ఆ పైన మళ్లీ అదే కొట్టారు.

ఇప్పుడైతే డయాఫెంథియురాన్ లాంటి వేరే గ్రూపు మందు, లేబుల్ మీద ఉన్న మోతాదులోనే, ఆకు అడుగు తడిచేలా కొట్టండి. ఇది ఎండ తగిలాక, పురుగు ఒంట్లోని పి450 వల్ల కూడా, అసలు విషంగా మారుతుంది, మిగతా మందులను కాపాడుకోవాలంటే ఇలాంటివి మార్చి మార్చి వాడాలి. దీన్ని కూడా వరసగా రెండోసారి కొట్టొద్దు. మధ్యలో వేపనూనె కొట్టి, చేనులో పసుపు జిగురు అట్టలు పెట్టండి. ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి దోమ ఉన్న ఆకులు తీసుకెళ్లి చూపించండి.

షాపువాళ్లు కలపమన్న రెండో మందు పేరు మీరు రాయలేదు. అది పైరిత్రాయిడ్ అయితే మాత్రం ముట్టుకోకండి, దాంతో తెల్లదోమ ఇంకా పెరుగుతుంది.