కుండీలో చిట్టి గులాబీ ఆకులు ఎందుకు రాలుస్తుంది?

ప్రశ్న: నర్సరీ నుంచి తెచ్చినప్పుడు నిండా పూలతో ఉన్న చిట్టి గులాబీ నెల తిరక్కుండానే ఆకులు రాల్చేస్తోంది. బాల్కనీలో బతుకుతుందా?

జవాబు: రోజుకు ఐదారు గంటల ఎండ తగిలితే తప్పక బతుకుతుంది. పువ్వే చిన్నది, ఎండ విషయంలో పెద్ద గులాబీకి ఏమీ తీసిపోదు. టీపాయి మీద అలంకరణకు పనికిరాదు.

ముందు వేళ్లు చూడండి. నర్సరీ కవరులో జిగురు మట్టి ముద్ద ఉంటే, పోసిన నీరు పక్కల నుంచి జారిపోయి లోపల పొడిగానే ఉంటుంది. ముద్దను నానబెట్టి, అంచుల మట్టిని మెల్లగా విడదీసి, 8 అంగుళాల కుండీలో నాటండి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక, గుప్పెడు వేపపిండి చాలు. పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి.

వేసవిలో అయితే నా అనుమానం ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే, కంటికి సరిగా ఆనని పురుగు) మీదే. ఆకు పైన సూదితో పొడిచినట్టు పాలిపోయిన చుక్కలు, అడుగున సన్నని సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తాయి. తెల్లకాగితం మీద కొమ్మను తట్టండి. రాలిన నలకలు నడుస్తుంటే అవి నల్లులే. మామూలు పురుగుమందులు చాలావరకు వీటి మీద పనిచేయవు. కొన్నాళ్లపాటు రోజూ ఉదయం ఆకుల అడుగున నీటిని గట్టిగా చిమ్మండి. వానాకాలంలో మాత్రం ఆకులు తడపకండి, నల్లమచ్చ తెగులు వస్తుంది.

వాడిన పువ్వును ఐదు చిన్నాకులు కలిసి ఉన్న ఆకుకు కొంచెం పైన కత్తిరిస్తే అక్కడినుంచి కొత్త చిగురు వస్తుంది.