దూడలకు వచ్చింది గజ్జి కాదు, తామర

ప్రశ్న: నాలుగు సంకరజాతి ఆవు దూడలున్నాయి, మూడు నుంచి ఆరు నెలలవి. నెల రోజులుగా కళ్ల చుట్టూ, చెవుల మీద, మెడ మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి బూడిద రంగు పక్కులు కడుతున్నాయి. మందుల షాపులో గజ్జి అంటే నాలుగు రోజుల తేడాతో రెండు ఐవర్‌మెక్టిన్ సూదులు, 3 మి.లీ. చొప్పున వేయించాను. ఒక ట్యూబు కూడా ఇచ్చారు. మొదట తగ్గినట్టే ఉండి ఇప్పుడు ఎక్కువైంది. మా చిన్నోడి ముంజేతి మీద గుండ్రటి మచ్చ వచ్చింది, వాడికీ అదే ట్యూబు పూస్తున్నాం. ఇంకేం మందు వాడాలి? – ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఇంకో మందు సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబు ఆపండి, దూడలకూ ఆపండి, పిల్లాడికీ ఆపండి. మీరు రాసిన దాన్ని బట్టి ఇది గజ్జి కాదు, తామర. గజ్జి పురుగు వల్ల వస్తుంది, ఇది ఫంగస్. ఐవర్‌మెక్టిన్ పురుగును చంపుతుంది, ఫంగస్‌ను ఏమీ చేయలేదు. గజ్జి పట్టిన దూడ గోడకూ గుంజకూ ఒళ్లు రుద్దుకుంటూ ఒక్కచోట నిలవదు, తామరలో దురద పెద్దగా ఉండదు, మచ్చలు గుండ్రంగా, విడివిడిగా, మందపాటి పక్కుతో ఉంటాయి. అనుమానం ఉంటే పశువుల ఆసుపత్రిలో మచ్చ అంచు నుంచి కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూడమనండి, పెద్ద ఖర్చేం కాదు. అన్నట్టు నిజంగా గజ్జే అయినా మోతాదు 50 కిలోల బరువుకు 1 మి.లీ., మీ దూడలు 150 కిలోలు ఉన్నాయా?

ట్యూబు పేరు మీరు రాయలేదు కానీ మొదట తగ్గి తర్వాత పెరిగిందంటే అందులో స్టెరాయిడ్ ఉందనే నా అనుమానం. ట్యూబు మీద రాసిన మందుల పేర్ల చివర "మెథసోన్" అనో "బెటాసోల్" అనో ఉందేమో చూడండి. స్టెరాయిడ్ ఎరుపునీ వాపునీ అణచి తగ్గిందన్న భ్రమ కలిగిస్తుంది, లోపల ఫంగస్‌కు అడ్డే లేకుండా చేస్తుంది. షాపువాళ్లు దురద అనగానే ఇచ్చే సూదుల్లోనూ తరచూ ఇదే ఉంటుంది, నెలలు నిండుతున్న చూడి ఆవుకు అది పడితే ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం ఉంది. ఎన్నిసార్లు చెప్పినా డాక్టరు కంటే షాపు దగ్గరని అక్కడికే వెళ్తారు!

ఇక వైద్యం. చేతులకు గ్లౌజులు వేసుకుని, గోరువెచ్చని సబ్బు నీళ్లతో పక్కును పది నిమిషాలు నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తీయండి, రక్తం వచ్చేలా గీకొద్దు. రాలిన పక్కులు కాగితంలో చుట్టి కాల్చేయాలి, కొట్టంలో పడేస్తే అందులోని ఫంగస్ నెలల తరబడి బతికే ఉంటుంది. చర్మం ఆరాక విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ (బెంజోయిక్ ఆమ్లం 6 శాతం, సాలిసిలిక్ ఆమ్లం 3 శాతం) పొద్దున, సాయంత్రం, మచ్చ దాటి ఒక అంగుళం మేర పూయండి. కంటి దగ్గర మాత్రం ఇది వద్దు, మండుతుంది. అక్కడ క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము, అదీ స్టెరాయిడ్ కలవనిది, పలుచగా కంట్లోకి పోకుండా. మూడు నాలుగు వారాలు పడుతుంది, కొత్త వెంట్రుక మొలిచాక కూడా ఇంకో రెండు వారాలు ఆపొద్దు. కాలిన ఇంజన్ ఆయిల్, పత్తికి కొట్టే పురుగుమందు పూసేవాళ్లున్నారు, దూడ నాకితే ప్రాణం మీదికొస్తుంది.

నాలుగింటినీ పగలు ఎండలో కట్టేయండి. చీకటి కొట్టంలో ఒకదానికొకటి ఆనుకుని ఉండే దూడలకే ఇది ఎక్కువ. ఒట్టి వరిగడ్డి మీద పెంచుతుంటే విటమిన్ ఎ లోపం ఉండొచ్చు, పచ్చిమేత పెట్టండి, సూది అవసరమా లేదా డాక్టరు చూసి చెబుతారు. కొట్టం ఊడ్చి పేడ తీసేశాక 10 లీటర్ల నీళ్లలో 170 గ్రాముల బ్లీచింగ్ పౌడరు అప్పటికప్పుడు కలిపి నేల, గోడలు, గుంజలు తడపండి, ఆరేదాకా దూడలు బయటే ఉండాలి. ఒక దూడ పలుపు, బ్రష్ ఇంకో దూడకు వాడొద్దు.

పిల్లాడి మచ్చ మీరు చివర్లో రాశారు, నాకు అదే ముందు కనిపించింది. దూడ తామర మనుషులకు అంటుకుంటుంది. వాణ్ని దూడల దగ్గరకు పోనివ్వకండి, రేపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. ఇంట్లో దూడలకు తామర ఉందని, ఇన్ని రోజులు ఈ ట్యూబు పూశామని చెప్పి ట్యూబు కూడా చూపించండి, స్టెరాయిడ్ పూసిన మచ్చ రూపు మారిపోయి డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది.