ఒంట్లో 37 డిగ్రీల పద్దు

బయట 44 డిగ్రీల ఎండ కాస్తుంటే మన ఒళ్లు 37 దగ్గరే ఎలా ఉంటుంది, మనకు చెమట, కుక్కకు రొప్పు, గేదెకు కాలువ – ఇవన్నీ ఒకే ఏర్పాటేనా అని అడిగారు. నేను డాక్టరును కాను, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాసే గుమాస్తాను. అయినా ఈ పాఠం నా ఒంటి మీదే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఏర్పాటు ఒకటే. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం రక్తం వేడిని ఎప్పటికప్పుడు కనిపెట్టుకుని ఉంటుంది. వేడి పెరిగితే చర్మంలో రక్తనాళాలు విప్పారి చెమట పడుతుంది, తగ్గితే నాళాలు ముడుచుకుని వణుకు పుడుతుంది. పాలిచ్చి పెంచే జంతువులన్నిటికీ కాపలా అదే, చల్లబడే దారులే వేరు.

చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి 44 ఉంటే ఒంట్లోని వేడి బయటికి పోవడం అటుంచి, బయటిదే లోపలికి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. అది కారితే చాలదు, ఆరాలి. లీటరు చెమట ఒంటి మీదే ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి పట్టుకుపోతుంది. 10 డిగ్రీల ఫ్రిజ్జు నీళ్లు లీటరు తాగితే తగ్గేది 27. ఈ లెక్క వేసుకున్నాక నాకు చల్లటి సీసాల మీద మోజు పోయింది. ఉక్కపోత రోజున ఎండ తక్కువున్నా ప్రాణం విలవిల్లాడేది ఇందుకే: గాలిలో తేమ నిండి చెమట ఆరక నేలపాలవుతుంది.

మూడేళ్ల క్రితం ఏప్రిల్‌లో బరువులు మోసే ముఠా మనుషులు తక్కువై, లారీకి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించడానికి నేనూ చెయ్యి వేశాను. రేకుల షెడ్డు, కారం ఘాటు. చెంబులకు చెంబులు మంచినీళ్లు తాగాను. సాయంత్రానికి పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయి వాంతి అయింది. ముఠా మేస్త్రి నా చొక్కా విప్పించి, తడి తువాలు కప్పి, ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. "వట్టి నీళ్లు తాగితే ఎలాగండీ గుమాస్తా గారూ, ఉప్పేసిన మజ్జిగ తాగాలి గానీ" అని కేకలేశాడు. తరువాత డాక్టరూ అదే చెప్పారు. చెమటతో ఉప్పులోని సోడియం పోయింది, నేను వట్టి నీళ్లు పోసి మిగిలినదాన్నీ పలచన చేశాను. వేడి పద్దు సరిచేయబోతే ఉప్పు పద్దులో లోటు పడింది. (ఒళ్లు 40 దాటి మాట తడబడుతుంటే మాత్రం మజ్జిగతో కూర్చోకండి, ఒళ్లు తడిపి గాలి కొడుతూ ఆస్పత్రికి తీసుకెళ్లండి.)

అదే ఎండలో రోజంతా మోసిన మేస్త్రికి ఏమీ కాలేదు. వారం పది రోజులు ఎండలో పనిచేస్తే చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఆల్డోస్టిరోన్ అనే హార్మోను ఉప్పును వెనక్కి లాగి దాస్తుంది. నేనేమో ఆ రోజు కొట్లో ఫ్యాను కింద పద్దులు వదిలి, ఎండ అలవాటు లేకుండానే నేరుగా లారీ దగ్గరికి పోయాను.

మా సరుకు సంగతీ ఒక మాట. గొడ్డుకారం కలిపిన మొదటి ముద్దకే మాడు మీద చెమట పడుతుంది కదా! నరాల్లో 43 డిగ్రీల వేడిని పసిగట్టి తలుపులా తెరుచుకునే గ్రాహకం ఒకటుంది, కారంలోని క్యాప్సైసిన్ దాన్నే తెరుస్తుంది. నిప్పు లేకుండానే ఒళ్లు కాలిందనుకుని చెమట పోస్తుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నారు.

కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే. అందుకే నాలుక చాపి రొప్పుతూ నోటి తడిని ఆవిరి చేస్తుంది. మనలా ఉప్పు పోగొట్టుకోదు, అదొక లాభం. గేదె పని ఇంకా కష్టం. నల్ల తోలు ఎండను పీల్చుకుంటుంది, చెమట గ్రంథులు ఆవు కంటే చాలా తక్కువ. వేడి తాళలేకపోతే మేత తగ్గిస్తుంది, ఎందుకంటే మేత అరగడం కూడా ఒంట్లో వేడి పుట్టించే పనే. మా అమ్మమ్మ గారిది కొమ్మమూరు కాలువ పక్క పల్లె. మధ్యాహ్నం గేదెలు ముక్కులూ కొమ్ములూ మాత్రం పైకి పెట్టి కాలువలో మునిగి ఉండేవి. అది బద్ధకమనుకుని నేను కర్రతో అదిలించబోతే అమ్మమ్మ గట్టు మీద నుంచే అరిచేది: "దాన్నలా ఉండనివ్వరా! సాయంత్రం పాలు తగ్గితే నువ్విస్తావా?"