‘నేచురల్ బోర్న్ కిల్లర్స్’ని కొందరు నెత్తిన పెట్టుకుంటే, కొందరు ఎందుకు తిట్టిపోస్తారు?

1994లో ఆలివర్ స్టోన్ తీసిన ఈ సినిమాలో మిక్కీ, మాలరీ అనే జంట దారిపొడవునా హత్యలు చేస్తుంటే, టీవీ వాళ్లు వాళ్లని స్టార్లను చేసేస్తారు. వెక్కిరింత ఆ మీడియా మీదే. చిక్కల్లా, హింసను అమ్ముకునేవాళ్లను తిడుతూనే దర్శకుడు కూడా దాన్ని కార్టూన్లు, రాక్ పాటలు కలిపి మహా జోరుగా చూపిస్తాడు. అందుకే కొందరికి వ్యంగ్యం కనిపిస్తే, కొందరికి హంతకుల భజన కనిపించింది.

మాలరీని తండ్రి వేధించే సన్నివేశం టీవీ కామెడీలా, వెనక నవ్వులతో నడుస్తుంది. ఆ నవ్వులు వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. నా మటుకు సినిమాకి గుండెకాయ అదే. జైలు అల్లర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం గోల ఎక్కువై తలనొప్పి పుట్టింది.

వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది, ఐర్లాండ్‌లో నిషేధమూ పడింది. అంతెందుకు, మూలకథ రాసిన టరాంటినోకే ఇది నచ్చలేదు!