బైక్ రైడ్ అని రాస్తే బుల్లెట్లు వస్తాయి తమ్ముడూ!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఉత్తరాలు సైకిళ్ల గురించే. ఒకటి పొడుగ్గా ఉంది, దానికి జవాబు కూడా పొడుగ్గానే పడింది. మిగతా వాళ్లు ఏమనుకోవద్దు.

ప్రశ్న: అన్నా, మాది నల్గొండ పక్కన పల్లెటూరు. ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లోనే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న దసరాకు పోయినప్పుడు బడి చూసి మనసు పాడైంది. అమ్మాయిల టాయిలెట్‌కు తలుపు ఊడిపోతే పాత ఫ్లెక్సీ కట్టి ఉంది. నేనూ ఆఫీసు దోస్తులూ ఆదివారాలు సైకిల్ తొక్కుతాం కాబట్టి నల్గొండ నుంచి మా ఊరి దాకా 24 కిలోమీటర్లు 'ఛారిటీ బైక్ రైడ్' పెట్టి బడికి డబ్బులు పోగు చేద్దామనుకున్నాం. 60 మంది దాకా వస్తారు. మనిషికి 500 ఫీజు, టీషర్ట్, మెడల్, టిఫిన్. మార్చిలో పెడదామని ఉంది. పర్మిషన్లు ఎవరిని అడగాలి? డబ్బు ఎట్ల ఇవ్వాలి? అంతా తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న పాత విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పోస్టర్ మీద పేరు మార్చు. మన దగ్గర బైక్ అంటే పెట్రోలు పోసేదే. 'బైక్ రైడ్' అని నల్గొండ గడియారం సెంటర్‌లో పోస్టర్ అంటిస్తే పొద్దున్నే నలభై బుల్లెట్లు సైలెన్సర్లు పీకేసుకుని వస్తాయి, నీ 60 సైకిళ్లు వాటి పొగలో పోతాయి. సైకిల్ యాత్ర అని రాయి, అందరికీ అర్థమవుతుంది.

ఇక నీ లెక్క. 60 మంది, 500 చొప్పున 30,000. నువ్వు ఇస్తానన్నవి ఒక్కొక్కటి వేసుకుంటూ పో. టీషర్ట్ 220 అనుకున్నా 13,200, మెడల్ 60 చొప్పున 3,600, ఫ్లెక్సీలకూ మైకుకూ కలిపి 4,000, టిఫిన్, నీళ్లకు మనిషికి వంద చొప్పున 6,000. మొత్తం 26,800 అయింది. బడికి మిగిలింది 3,200. దాంతో ఆ టాయిలెట్‌కు సరైన తలుపు ఒక్కటి పెట్టించడమే కష్టం, కానీ 60 మంది కొత్త టీషర్టుల్లో ఫొటోలు మాత్రం దిగుతారు. వెటకారమాడుతున్నాననుకోకు, చాలా యాత్రలు ఇట్లనే అవుతాయి, చేసినవాళ్లు చెడ్డోళ్లు కూడా కాదు. ఎవరూ కూర్చుని లెక్క వేయరు, అంతే.

అందుకని ఫీజు వేరు, విరాళం వేరు పెట్టు. ఫీజు 150 పెట్టి దాంతో టిఫిన్, నీళ్లు, వెనక వచ్చే బండి డీజిలు గడిచేటట్టు చూడు, టీషర్టులూ మెడళ్లూ తీసెయ్. విరాళం మాత్రం తొక్కేవాళ్లే తేవాలి. అదెట్లంటే, ఒక్కొక్కరు తమకు తెలిసిన పదిమంది దగ్గరికి పోయి 'నేను మా బడి కోసం 24 కిలోమీటర్లు తొక్కుతున్నా, కిలోమీటరుకు పది రూపాయలు ఇస్తవా' అని అడగాలి. ఇచ్చేవాడికి 240 రూపాయలు, ఒక సినిమా ఖర్చు. పదిమంది ఇస్తే 2,400, అరవై మందీ తెస్తే 1,44,000. అందరూ తేరు, ఒప్పుకుంటా, సగం మందే తెచ్చినా 72,000 చేతికొస్తుంది కదా. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఊరికే చందా అడగాలంటే మొహమాటపడే మనిషి కూడా 'నేను తొక్కుతున్నా' అన్నప్పుడు ధైర్యంగా అడుగుతాడు, ఇచ్చేవాడు కూడా 'వీడు నిజంగా తొక్కుతాడా చూద్దాం' అని సరదాగా ఇస్తాడు.

డబ్బు పోగయ్యాక కాదు, ఇప్పుడే ఒక పని దినం సెలవు పెట్టి బడికి పో. దసరా సెలవుల్లో చూసింది చూసినట్టు కాదు. హెడ్‌మాస్టర్ సారుతో కూర్చుని ఏం కావాలో అడుగు, అమ్మాయిలకు ఏం కావాలో అక్కడి మేడమ్‌తో అడిగించు, నీకు చెప్పరు. సారుకు డిజిటల్ బోర్డు కావాలని ఉండొచ్చు, నీకు లైబ్రరీ పెట్టాలని ఉండొచ్చు, పిల్లలకు తలుపూ, లోపల గడియా, బకెట్టూ కావాలి. వాళ్ల మాటే మొదట. వస్తువు ఇచ్చేటప్పుడు తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారో కూడా అడుగు. నేను కూడా చెయ్యేసి ఒక బడికి మంచినీళ్ల మిషన్ పెట్టించాం. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లు పోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన జిల్లా కదా, ఎవరికైనా ముందు నీళ్లే గుర్తొస్తాయి. ఏడాది తిరగ్గానే లోపలి ఫిల్టర్ మార్చాల్సి వచ్చింది, మార్చే డబ్బు ఎవరిదో మేము అనుకోలేదు. తర్వాత పోయి చూస్తే మిషన్ మీద చాక్‌పీసు డబ్బాలు పెట్టుకున్నారు. తప్పు బడిది కాదు, మాది.

డబ్బు మాత్రం నీ ఫోన్‌పేకో సారు ఫోన్‌పేకో రానివ్వకు. ఎంత నిజాయితీగా ఉన్నా ఊళ్లో మూడో రోజుకు మాట పుడుతుంది. విద్యాహక్కు చట్టం, 2009 కింద బడికి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది, సభ్యుల్లో నాలుగింట మూడొంతులు పిల్లల అమ్మానాన్నలే. బడి పేరు మీదున్న బ్యాంకు ఖాతాకు పంపించి రసీదు రాయించుకో. రిపేర్ల సంగతైతే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న మహిళా సంఘం అక్కలను కూడా కలుపు, తలుపు ఎక్కడ చవగ్గా గట్టిగా దొరుకుతుందో నీకంటే వాళ్లకే బాగా తెలుసు. ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గుతుందని ఎవరికీ మాటివ్వకు. విరాళాలకు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ (80జీ అంటుంటారు) ఉన్న ట్రస్టు ద్వారా ఇస్తేనే ఆ మినహాయింపు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, నగదుగా 2,000 దాటి ఇస్తే అసలు లేదు. వచ్చినదీ పోయినదీ ఒక తెల్లకాగితం మీద రాసి బడి నోటీసు బోర్డుకూ పంచాయతీ ఆఫీసుకూ అంటించు.

మార్చి వద్దు. నల్గొండ ఎండ సంగతి నీకు నేను చెప్పాలా? మార్చి సగానికి ఒంటిపూట బడులు మొదలవుతాయి, పదో తరగతి పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే, సార్లకు ఊపిరాడదు. నన్నడిగితే జనవరి 26. ఆ రోజు బడి ఎట్లాగూ తెరిచే ఉంటుంది, పిల్లలు యూనిఫాంలో ఉంటారు, ఊరి పెద్దలంతా అక్కడే ఉంటారు, నువ్వు వేరే స్టేజీ వేయక్కర్లేదు. జెండా టైముకు అందుకోవాలని మాత్రం తొక్కించకు. జనవరిలో మనకు పొద్దు పొడిచేసరికి ఏడుకు పావు తక్కువ, కొన్ని రోజులు మంచు కూడా పడుతుంది, చీకట్లో బయల్దేరడం పిచ్చిపని. వెలుగొచ్చాక ఏడింటికి బయల్దేరితే నెమ్మదిగా తొక్కేవాళ్లు కూడా తొమ్మిదిన్నరకు చేరతారు, పిల్లల ఆటపాటలు అప్పటికి ఊపు మీద ఉంటాయి. ఆ రోజు పోలీసులకు పరేడ్ పని ఉంటుంది కాబట్టి కాగితం నెల ముందే పెట్టాలి.

పర్మిషన్లంటే, మీ దారి ఎన్ని పోలీస్ స్టేషన్ల కిందికి వస్తే అన్నింటికీ ఒక్కో దరఖాస్తు, దాంట్లో తేదీ, టైము, ఎంతమంది, ఏ దారి, ఇద్దరి ఫోన్ నంబర్లు. బడిలో కార్యక్రమానికి హెడ్‌మాస్టర్ ద్వారా మండల విద్యాధికారికి ఒక ఉత్తరం. సర్పంచ్‌కు కాగితం కాదు, ఇంటికి పోయి చెప్పు. దారిలో ఉన్న పీహెచ్‌సీలో కూడా ఒక మాట వేసి రా. వచ్చే ప్రతి ఒక్కరికీ 108 తెలుసు, కానీ తాము ఏ ఊరి దగ్గర ఉన్నారో చెప్పలేరు, అందుకని దారిలో ఊర్ల పేర్లు వరసగా రాసిన చీటీ అందరికీ ఇవ్వు.

దారి విషయంలో నా మాట కచ్చితంగా విను. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు నున్నగా ఉంటుందని దాని మీదికి తేకు, మిర్యాలగూడ బియ్యం లారీలు ఆ రోడ్డు మీద ఎట్ల పోతాయో చూసే ఉంటావు. పొద్దున పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర అందరినీ కలవమను, టౌన్‌కు దాదాపు నాలుగు కిలోమీటర్లు. బయటి ఊర్ల నుంచి వచ్చిన వాళ్లు గర్భగుడిలో కదలకుండా నిలబడే ఆ స్తంభం నీడ చూసి, పక్కన ఉదయసముద్రం చూసి, అప్పుడు బయల్దేరతారు, నల్గొండ అంటే కరువూ ఫ్లోరైడూ తప్ప ఏముందనే వాళ్లకు అదొక జవాబు. అక్కడి నుంచి ఊర్ల మధ్య రోడ్లు పట్టుకో. వారం ముందు సైకిల్ మీదే ఒకసారి తొక్కి చూడు, కారులో చూస్తే తెలియదు. జనవరిలో యాసంగి నాట్లు నడుస్తుంటాయి, కేజ్‌వీల్ (దమ్ము చేసే ఇనుప చక్రాల) ట్రాక్టర్లు పొలాల్లోంచి రోడ్డెక్కి పోయినచోట బురద గడ్డలు పడి ఎండుతాయి, వాటి మీద సన్నటి టైరు ఎక్కిందా, మనిషి పక్కకే.

నవంబర్‌లో పెట్టి ఉంటే ఇంకా తిప్పలు, రోడ్డు సగం వడ్లే. నాలుగేళ్ల కింద ఒక యాత్రలో నేనే పడ్డాను. మలుపు తిరగ్గానే ఆరబోసిన వడ్లు, పక్కన లారీలు ఎక్కకుండా పెట్టిన రాళ్లు. ముందు చక్రం వడ్ల మీద ఇసుక మీద జారినట్టు జారింది, మోచేయి దోక్కుపోయింది, గీసుకుపోయిన చోట వడ్లగింజలు గుచ్చుకుని ఉన్నాయి. ఒక పెద్దమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది, నన్ను లేపడానికే అనుకున్నా. ముందు చీపురుతో చెదిరిన వడ్లు కుప్పకు ఊడ్చుకుని, అప్పుడు 'దెబ్బ తగిలిందా కొడుకా' అంది. ఆరు నెలల కష్టం మరి, నేనెవర్ని!

హెల్మెట్ లేనివాళ్లను బయల్దేరనివ్వకు, దోస్తయినా సరే. అందరికంటే వెనక ఒక టాటా ఏస్ నెమ్మదిగా రావాలి, అలిసిపోయినవాళ్లనూ చైన్ తెగినవాళ్లనూ సైకిల్‌తో సహా ఎక్కించుకోవాలి. తిరుగుదారి తొక్కించకు, ఎండ ఎక్కుతుంది, పోవడం సైకిల్, రావడం బండి. టిఫిన్‌కు క్యాటరింగ్ వద్దు. ఊళ్లో అక్కలతో ఉప్మా, పల్లి చట్నీ చేయించి డబ్బు వాళ్లకు ఇవ్వు. మధ్యలో ఆగినచోట బత్తాయిలు దొరికితే బత్తాయిలు, లేకుంటే నకిరేకల్ నిమ్మకాయలు, ఉప్పు, చక్కెర, కుండలో నీళ్లు, ఇంకేం కావాలి?

చివరి కిలోమీటరు మాత్రం ఆ బడి పిల్లలకు వదిలెయ్. సైకిల్ ఉన్న పిల్లలు ఊరి పొలిమేర దగ్గర ఎదురొచ్చి మిమ్మల్ని బడిదాకా తీసుకుపోతారు, ముందు వాళ్లు, వెనక మీరు. అమ్మానాన్నల సంతకం ఉండాలి, ఒక సారు పక్కన ఉండాలి. లక్ష రూపాయల సైకిల్ మీద వచ్చినోడు క్యారేజీ మీద తమ్ముణ్ని కూర్చోబెట్టుకున్న ఏడో తరగతి పిల్లాడి వెనక పడి పోతుంటే చూడాలి ఆ తమాషా.

ఇంకోటి, బడికి కొత్త ఫ్లెక్సీ తీసుకుపోకు. ఆల్రెడీ ఒకటి ఉంది కదా.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మేము ఎనిమిది మంది ఆడవాళ్లం, పొద్దున వాకింగ్‌లో కలుస్తాం. ప్రాథమిక పాఠశాలకు కథల పుస్తకాల కోసం సైకిల్ యాత్ర చేయాలని ఉంది. ఇంతమందితో నవ్వులపాలు అవుతామా? పెళ్లయ్యాక సైకిలే ఎక్కలేదు.
– ఒక గృహిణి

జవాబు: అక్కా, ఎనిమిది మందే నయం, పోలీసులకు చెప్పడం, లెక్క రాయడం, టిఫిన్ చూసుకోవడం అన్నీ తేలిక. పిల్లలమర్రి టౌన్‌కు నాలుగు కిలోమీటర్ల దూరమే, ఆ చెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టండి. ముందు మూడు వారాలు రోజూ అరగంట తొక్కండి, నడుముకూ అరచేతులకూ అలవాటు కావాలి. సీటు ఎత్తు చూసుకోండి, కూర్చుని కాలు చాపితే పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొంచెమే వంగాలి. అద్దెకు తెచ్చిన సైకిళ్లలో ఎక్కువ నొప్పులు ఆ సీటు వల్లే. చీర కంటే పంజాబీ డ్రెస్ మేలు, చున్నీ మాత్రం నడుముకు కట్టేయండి, చక్రంలో పడితే ప్రమాదం. యాత్ర రోజు పదిహేను కిలోమీటర్లు చాలు. పుస్తకాలు కొనేటప్పుడు పెద్ద అక్షరాలవి, బొమ్మలున్నవి, తెలుగువి కొనండి, తాళం వేసిన బీరువాలో పెట్టకుండా తాడు మీద వేలాడదీయమని టీచరమ్మకు చెప్పండి. నవ్వేవాళ్లు నవ్వుతారు, వాళ్ల దగ్గరే మొదటి చందా వసూలు చేయండి.

ప్రశ్న: సైకిల్ యాత్రకు ముఖ్య అతిథిగా ఎవరిని పిలిస్తే బాగుంటుంది?
– దేవరకొండ పాఠకుడు

జవాబు: టైముకు వచ్చేవాళ్లను. ఒకచోట అతిథి గారి కోసం గంటన్నర ఆగాం. పిల్లలు గ్రౌండ్‌లో వరసగా కూర్చుని, ఎండ జరిగినకొద్దీ వాళ్లూ కూర్చున్నచోటే జరుగుతూ చివరికి గోడ దాకా వచ్చారు. ఆయన వచ్చి పది నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయారు.

ప్రశ్న: మా ఊరి యాత్రకు నా పాత సైకిలే తీసుకుపోదామనుకుంటే వారానికి రెండు పంక్చర్లు. ట్యూబ్ మార్చినా అంతే. ఏం చేయాలి?
– మునుగోడు నుంచి

జవాబు: ట్యూబ్ కాదు, టైరు చూడు. పల్లేరు కాయ ముల్లో, సర్కారు తుమ్మ ముల్లో లోపల విరిగి ఉండిపోయి ఉంటుంది, కొత్త ట్యూబ్ వేసినప్పుడల్లా అదే గుచ్చుతుంది. టైరు పూర్తిగా ఊడదీసి లోపలివైపు పాత బనీను గుడ్డతో చుట్టూ తుడుస్తూ రా, ముల్లు ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. వేలితో తడమకు, కోసుకుంటుంది. పట్టకారుతో లాగెయ్. టైరు అంచు పగుళ్లు తేలి ఉంటే ఇక దానికి సేవ చేయకు, కొత్తది వెయ్యి. యాత్రకు పోయేటప్పుడు ఒక ట్యూబ్, చిన్న గాలి పంపు, ప్యాచ్‌లు, సొల్యూషన్ సీటు కింద సంచిలో పెట్టుకో, సొల్యూషన్ ట్యూబ్ మూత ఒకసారి తెరిచి చూసుకో, పాతదైతే లోపలే ఎండిపోయి ఉంటుంది.